చిలకల నల్లపూసలు

అమెరికా వచ్చిన రెండో ఏడు, ఎమ్మెస్ చదువుతూ కాలిఫోర్నియాలో ఓక్లండ్ దగ్గర నలుగురమ్మాయిలం ఒక అపార్ట్‌మెంట్‌లో సర్దుకుని ఉండేవాళ్లం. బిల్డింగ్ మొత్తానికి రెండే వాషింగ్ మెషీన్లు. ఒక శనివారం నా తెల్ల చుడీదార్లు రెండూ అందులోంచి బూడిద రంగులో బయటికొచ్చాయి. నాకంటే ముందు ఎవరో ఆ మెషీన్‌లో నల్లరంగు అద్దకం వేశారు. ఎవరో కనుక్కోవడానికి పెద్ద తెలివి అక్కర్లేకపోయింది. పై అంతస్తు బాల్కనీ నిండా నల్ల గౌన్లు, నల్ల లేసులు, నల్ల మేజోళ్లు ఆరుతున్నాయి. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఇంగ్లీషులో ఎలా దులపాలో మెట్ల మీద వాక్యాలు కూర్చుకుంటూ వెళ్లి తలుపు కొట్టాను.

తలుపు తీసినావిడకి ముప్పై అయిదేళ్లుంటాయి. పళ్ల డాక్టర్ దగ్గర అసిస్టెంట్. పూల బొమ్మల యూనిఫాంలోనే ఉంది. సంగతి విని తలపట్టుకుని, లోపలికి పిలిచి, టీ ఇచ్చి, నా చుడీదార్లు పూర్తిగా నల్లగా అద్ది ఇస్తానంది. ఆవిడ అలమారా తెరిచేదాకా నలుపంటే ఒకటే అనుకునేదాన్ని. వెలుతురంతా మింగేసే వెల్వెట్ నలుపు ఉంది, మెరిసే శాటిన్ నలుపు ఉంది, ఉతికి ఉతికి ఆకుపచ్చకి తిరిగినది, గోధుమరంగుకి దిగిపోయినది ఉన్నాయి. అందుకే ఏడాదికి రెండుసార్లు అన్నిటికీ మళ్లీ అద్దకం వేస్తుందట. గొడవ పెట్టుకోవడానికి వెళ్లినదాన్ని, వాటికి ఫోటోలు తీసుకోవచ్చా అని అడిగి వచ్చాను.

ఇలా నలుపు వేసుకునేవాళ్లంతా చేరే ఒక పాత గోడౌన్‌కి ఆవిడే నన్ను తీసుకెళ్లింది. నెలకో ఆదివారం మధ్యాహ్నం, కిటికీలకి నల్లగుడ్డలు కట్టి పట్టపగలే చీకటి చేసుకునేవాళ్లు. సగం బట్టల సంత, సగం డాన్సు. పార్కింగ్ లాట్‌లో కార్లలోనే వేషాలు మారిపోయేవి. పీకి పీకి జుట్టు నిలబెట్టుకున్నవాళ్లు, అది అణగకుండా, సీటు వెనక్కి వాల్చుకుని డ్రైవ్ చేసుకుంటూ వచ్చేవాళ్లు. వినే పాటల్ని బట్టి అక్కడ రెండు తెగలు, గాత్‌లు, పోస్ట్‌పంక్ వాళ్లు. గాత్‌లవి లేసులు, నడుము బిగించే కార్సెట్లు, తెల్ల పౌడరు, వెండి గొలుసులు. పోస్ట్‌పంక్ వాళ్లు మాత్రం పొడుగాటి పాత ఓవర్‌కోట్లు, గొంతు దాకా గుండీలు పెట్టిన చొక్కాలు, సన్నటి టైలు వేసుకుని, జీతం రాని బడిపంతుళ్లలా ఒక పక్కగా నుంచునేవాళ్లు. పాటల్లో బేస్ గిటార్ ముందు నడిచేది, పాడే గొంతు నూతిలోంచి వచ్చేది. ఎవరూ ఎవరి వైపూ చూడకుండా ఎవరి జాగాలో వాళ్లు ఆడేవాళ్లు. నన్నెవరూ ఏ ఊరని అడగలేదు, వీసా ఏమిటని అడగలేదు. ఆ ఒక్క కారణానికే ప్రాణం లేచొచ్చింది నాకు.

అక్కడ కెమెరా ఉన్నవాళ్లకి ఒక నియమం ఉండేది. తీసేముందు అడగాలి. నలుగురూ చూసేచోట పెట్టేముందు తీసినది వాళ్లకి చూపించాలి. వచ్చేవాళ్లలో బ్యాంకు వాళ్లున్నారు, నర్సులున్నారు, చిన్నపిల్లల టీచర్ ఒకామె ఉంది. సోమవారం పొద్దున ఏ ఫోటో ఎవరి కంట పడుతుందో తెలియదు. గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని నా పొరుగావిడే ఈ మాట అందరికీ చెప్పేది. నాకు రెండుసార్లు చెప్పింది. నాలుగేళ్లపాటు నేను ఆ మాట దాటలేదు. దీన్ని ముందే చెప్పుకుంటే కాస్త ఊరటగా ఉంటుందని చెబుతున్నాను, అంతకంటే ఏం లేదు.

ఆ నాలుగేళ్లలో ఈ ఫోటోలతో ఒక వెబ్‌సైట్ కట్టాను. మొహాలకంటే బట్టల్నే ఎక్కువ తీసేదాన్ని. పిన్నీసులతో కూర్చిన చిరుగులు, రంగు వెలిసిన మోచేతులు, చేత్తో కుట్టిన బూటు పట్టీలు. ఎవరు కుట్టారు, ఎక్కడ దొరికింది, ఎన్నాళ్లుగా వేసుకుంటున్నారు అని అడిగి ప్రతి ఫోటో కిందా రాసేదాన్ని. చదువైపోయి ఫ్రీమాంట్‌లో ఉద్యోగంలో చేరినా ఆ ఆదివారాలు మానలేదు.

ఉద్యోగంతోపాటు ఇంకో కొలువు కూడా దొరికింది, జీతం లేనిది. శాన్ రామన్‌లో మనవాళ్ల ఇళ్లలో వ్రతమైనా, ఓణీల ఫంక్షనైనా, సీమంతమైనా ఫోటోలకి నన్నే పిలిచేవాళ్లు. నేను అక్కడ తీసినవాటిలో సగం మెడలే. కొంచెం దగ్గరగా తీయమ్మా, లాకెట్ డిజైన్ పడాలి అనేవాళ్లు. దాన్ని ఇండియాలో కంసాలికి పంపి అలాంటిదే చేయించుకునేవాళ్లు. ఆల్బమ్ లింక్ మెయిల్ చేసిన గంటలో జవాబులొచ్చేవి. సీమంతం అమ్మాయి ఎలా ఉందో ఎవరూ రాయరు, ఆమెకి గాజులు తొడుగుతున్నావిడ హారం జూమ్ చేసి పంపమంటారు. మనవాళ్ల చూపు ముందు మెడ మీద పడుతుంది, తర్వాతే మొహం మీద. ఈ సంగతి నాకు తెలిసినంత బాగా ఆ చుట్టుపక్కల ఇంకెవరికీ తెలియదు. నా మెయిళ్ల అడుగున నా సైట్ లింక్ ఉండేది. దాన్ని నొక్కే తీరిక ఎవరికుందిలే అనుకునేదాన్ని.

ఒక ఆదివారం గోడౌన్‌లో నా ముందు ఒక అమ్మాయి వచ్చి నిలబడింది. నల్ల లిప్‌స్టిక్, మోచేతుల దాకా చిరుగుల నెట్ చేతి తొడుగులు, మోకాళ్ల దాకా బూట్లు. సరిగ్గా రెండు వారాల క్రితం శాన్ రామన్‌లో వాళ్లమ్మ వరలక్ష్మీ వ్రతంలో, పట్టు పరికిణీలో, నాకు తాంబూలం ఇచ్చిన పిల్ల. పంతొమ్మిదేళ్లు, కమ్యూనిటీ కాలేజ్‌లో చదువుతోంది. నన్ను చూసి బిత్తరపోయి, అలవాటు కొద్దీ "హాయ్ ఆంటీ" అంది. పక్కనున్న ఓవర్‌కోటాయన నాకు దారి వదిలాడు. ఇక్కడ ఆంటీ అనకమ్మా, పరువు పోతుంది అన్నాను. ఆ రోజునుంచి ఆ పిల్ల నన్ను ఆంటీ అనడం మానేసింది. నెలకోసారి నా పక్కన నుంచుని, ఎవరి లేసు ఏ షాపుదో చెబుతూ ఉండేది.

తెల్ల పౌడరు మాత్రం పూసుకునేది కాదు. ఒకసారి పూసుకుంటే విబూది రాసుకున్నట్టు వచ్చిందట. "ఇంట్లో అందరూ కొంచెం ఫెయిర్ అవ్వు అంటారు. ఇక్కడికొస్తే ఇక్కడ కూడా వైట్ అవ్వాలా? నేను అవ్వను," అంది. చామనఛాయ మొహం మీద, రెప్పల నిండా దట్టంగా కాటుక పెట్టుకుని వచ్చేది. ఆ గోడౌన్‌లో అంత అందంగా ఎవరి కళ్లూ ఉండేవి కావు. ఎవరు పెట్టారని అడిగితే మా అమ్మమ్మ అంది.

అమ్మమ్మ ఆర్నెల్లకని ఇండియానుంచి వచ్చి ఉంది. తాతగారు పోయి రెండేళ్లయింది. పగలు అమ్మానాన్నలు ఆఫీసులకి పోతే ఇంట్లో ఈ ఇద్దరే. మనవరాలి అలమారాలో నల్లబట్టలన్నీ చూసి ఆవిడ తిట్టలేదట. ఒక్కోటీ తిరగేసి చూసి, ఈ కుట్లు నిలవవే అని కూర్చుని అన్నీ మళ్లీ కుట్టిందట. వాళ్ల వీధిలో ముప్పై ఏళ్లు జాకెట్లు కుట్టిన చెయ్యి. ఈ కథ విన్నాక నేను ఆగలేకపోయాను. ఒక శుక్రవారం సెలవు పెట్టి, వాళ్లమ్మ ఆఫీసులో ఉన్నప్పుడు కెమెరాతో వాళ్లింటికి వెళ్లాను. అది కూడా తప్పేనని ఇప్పుడనిపిస్తుంది. అప్పుడు మాత్రం ఎగురుకుంటూ వెళ్లాను.

ఆవిడ మనవరాలి కార్సెట్ తాళ్లు పరికిణీ బొందు బిగించినట్టు బిగిస్తూ, ఊపిరి పీల్చుకోవే అంటోంది. వయసులో ఉన్నప్పుడు తనకి నల్లచీరంటే మహా ఇష్టంగా ఉండేదని, అత్తగారు దాన్ని గడప లోపలికి రానిచ్చేది కాదని నవ్వుతూ చెప్పింది. తర్వాత లోపలికెళ్లి ఒక స్టీలు డబ్బా తెచ్చింది. అందులో రెండు పేటల నల్లపూసలు. మధ్యలో వేలిగోరంత బంగారు చిలకలు రెండు, ఎదురెదురుగా. ఒక చిలకకి ముక్కు లేదు.

"దీని అమ్మే. పళ్లొచ్చేటప్పుడు నా ఒళ్లో కూచుని కొరికి కొరికి ఊడగొట్టింది," అంది. "ఆయన పోయాక తీసి డబ్బాలో పెట్టాను. డబ్బాలో ఉండి అవి మాత్రం ఏం చేస్తాయమ్మా? ఇది నలుపంటే పడి చస్తది గదా. ఇచ్చేశాను."

ఆ మాట అంటూనే మనవరాలి మెళ్లో వేసి వెనక హుక్కు పెట్టింది. కిటికీ వెలుతురు పక్కనుంచి పడుతోంది. నేను అడిగాను, ఇద్దరూ తలూపారు, తీశాను. నా మొహం వద్దులేమ్మా, చేతులు తీసుకో అంది ఆవిడ.

గుమ్మం దాకా వచ్చి ఆ పిల్ల నాతో చెప్పింది. "నా ఫేస్ రాకూడదు. నా కోసం కాదు. నన్ను తిడితే తిడతారు, నాకు ఓకే. తాతయ్య పోయాక అమ్మ ఆ చెయిన్ అడిగింది, అమ్మమ్మ తర్వాత చూద్దాం అంది. ఇప్పుడు నాకిచ్చింది అని తెలిస్తే అమ్మమ్మ మీద పడుతుంది. అమ్మమ్మ ఇంకా త్రీ మంత్స్ ఉండాలి కదా." మొహం రాదని, సైట్‌లో పెట్టేముందు చూపిస్తానని మాటిచ్చాను. చేతిలో చెయ్యేసి ఇచ్చాను.

రెండు నెలలు ఆ ఫోటో నా కంప్యూటర్‌లోనే ఉంది. రోజూ రాత్రి భోజనం చేస్తూ దాన్నే చూసుకునేదాన్ని. ఆ రోజుల్లోనే ఒకాయన నా సైట్ కింద రాశాడు. ఇలాంటి ఫోటోలు యాభై సైట్లలో ఉన్నాయి, మీరు చూసినది, ఇంకెవరూ చూడలేనిది ఇందులో ఏదీ అని. ఒళ్లు మండిపోయింది. అన్నవాడు ఎవడో తెలియదు, వాడి మాటకి నేనెందుకు ఊగిపోవాలి? ఊగిపోయాను. ఆ సాయంత్రమే ఆ ఫోటో తెరిచి పెదవుల కిందికి కత్తిరించాను. హుక్కు పెడుతున్న అమ్మమ్మ వేళ్లు భుజం మీద పడ్డాయి. ముడతలు, సూది గుచ్చుకున్న మచ్చ అన్నీ తెలుస్తున్నాయి. వాటినీ కత్తిరించాను. అంటే ప్రమాదం ఎంతుందో నాకు తెలుసు. నల్ల లేసు, అందులో కలిసిపోయిన నల్లపూసలు, రెండు చిలకలు మిగిలాయి. దాన్ని సైట్‌లో పెట్టేశాను. మొహం లేదు కాబట్టి మాట తప్పలేదని నాకు నేను చెప్పుకున్నాను. చూపించాల్సిన మాట సంగతి తర్వాత చూద్దామనుకున్నాను. చూపిస్తే వద్దంటుందని తెలుసు. అందుకే చూపించలేదు. దీనికి ఇంకే కారణమూ లేదు.

మొహం దాచితే చాలనుకున్నదాన్నీ, ఇన్నాళ్లూ మెడలే తీసినదాన్నీ నేనే.

పది రోజులకి శాన్ రామన్ ఆంటీలలో ఒకావిడ, పాపం ఏ దురుద్దేశమూ లేనావిడ, ఒక సీమంతం మెయిల్ అడుగునున్న లింక్ నొక్కింది. ఆ బూట్లు, జుట్లు అన్నీ దాటుకుంటూ సరిగ్గా చిలకల దగ్గర ఆగింది. ఆ ఫోటోని మన ఆడవాళ్ల గ్రూప్ మెయిల్ మొత్తానికీ పంపింది. నల్లపూసల్లో ఈ చిలకల మోడల్ ఎంత బాగుందో చూడండి, ఎవరివో కనుక్కోండి, నేనూ చేయించుకుంటాను అని రాసింది. కింద ఇంకొకావిడ, ఒక చిలకకి ముక్కు లేదేమిటి, జూమ్ చేసి పంపుతావా అని నన్నడిగింది. ఆ మెయిల్ ఆఫీసులో చదివాను. సైట్ నుంచి ఫోటో తీసేశాను. ఎవరి కంట పడాలో వాళ్ల కంట అప్పటికే పడింది.

సాయంత్రం అమ్మాయి వాళ్లమ్మ ఫోన్ చేసింది. నేనామెని అక్కా అనేదాన్ని. అరుస్తుందనుకున్నాను. చాలా మెల్లగా మాట్లాడింది.

"మా పాప తనే సూట్‌కేస్‌లోంచి తీశాను అంటోంది. అమ్మమ్మకి తెలీదు అంటోంది. ఆ రోజు నువ్వు మా ఇంటికొచ్చావంట కదా. నువ్వు చెప్పు, మా అమ్మకి తెలుసా?"

ఆ పిల్ల మొత్తం తన నెత్తినే వేసుకుంది. నేను చేయాల్సిందల్లా తెలియదు అనడం, లేదా నాకేం తెలియదక్కా అని నోరు మూసుకోవడం. కానీ ఆ క్షణంలో నాకు నేనే గుర్తొచ్చాను. ఇంట్లోవాళ్లు లేనప్పుడు వచ్చి, దొంగిలించిన నగని ఫోటో తీసుకెళ్లినదాన్ని అవుతాను. రేపటినుంచి ఎవరింట్లోనూ నన్ను గడప తొక్కనివ్వరు. అదీ నా భయం. పైకి మాత్రం పిల్ల మీదనుంచి దొంగ అనే మాట తప్పిస్తున్నానని అనుకున్నాను.

"తెలుసక్కా. అమ్మమ్మగారే ఇచ్చారు. నేనుండగానే మెళ్లో వేశారు," అన్నాను.

"నేనడిగితే ఇవ్వలేదు," అంది ఆమె. అది నాతో అన్న మాట కాదు. ఫోన్ పెట్టేసింది.

వారంలోపే అమ్మమ్మగారిని నార్త్ కరోలినాలో, క్యారీలో ఉన్న కొడుకింటికి పంపించేశారు. ఆ సంగతి నాకు మెయిల్‌లో తెలిసింది. ఆ పిల్ల రాసింది, రెండే ముక్కలు. "అమ్మమ్మ వెళ్లిపోయింది. మీరు అడగలేదు ఆంటీ." ఆ చివరి పిలుపు దగ్గర ఏడుపొచ్చింది నాకు. పది సార్లు జవాబు రాయడానికి కూర్చుని, ఒక్కసారీ పంపలేదు.

గోడౌన్‌లో నా పొరుగావిడకి మాత్రం చెప్పుకున్నాను. మొహం రానివ్వలేదు తెలుసా అని కూడా అన్నాను, సిగ్గు లేకుండా. ఆవిడ తన చేతి తొడుగులు విప్పుకుంటూ, నియమం మొహం గురించి కాదు, అడగడం గురించి అంది. ఆ పిల్ల మళ్లీ అక్కడికి రాలేదు. నేనూ మానేశాను. సైట్ మూసేశాను. ఆ శుక్రవారం తీసిన ఫోటోలన్నీ, కత్తిరించనివి కూడా, హార్డ్ డ్రైవ్‌లోంచి తుడిచేశాను. అదేదో ప్రాయశ్చిత్తం చేసుకున్నట్టు ఆ రాత్రి హాయిగా నిద్ర పట్టింది.

ఆరేళ్ల తర్వాత ఉద్యోగం మారి క్యారీ వెళ్లాను. అక్కడా మెడలు తప్పలేదు. ఒక శనివారం ఎవరింటికో గృహప్రవేశం ఫోటోలకని వెళితే, హాల్లో సోఫా చివర ఆవిడ కూర్చుని ఉంది. ఇల్లు వాళ్లబ్బాయిదే. బోసి మెడ, తెల్లంచు చీర. మళ్లీ ఇండియానుంచి వచ్చి నాలుగు నెలలైందట. వెనక గుమ్మంలోంచి జారిపోదామనుకున్నాను. కానీ ఆవిడ కెమెరాని ముందు గుర్తుపట్టింది, తర్వాత నన్ను. పక్కన కూర్చోమని సోఫా మీద తట్టింది.

మనవరాలు సియాటిల్‌లో ఉద్యోగం చేస్తోందట. ప్రతి ఆదివారం ఫోన్ చేస్తుందట. ఇప్పటికీ నలుపేనట. గొలుసు కూతురు తీసేసుకుందట. కూతురు కూడా ఫోన్ చేస్తుంది, బాగున్నావా, మందులేసుకున్నావా అని అడుగుతుంది, రమ్మని మాత్రం ఈ ఆరేళ్లలో అనలేదు. అన్నీ మామూలుగా చెప్పింది. నేను చేతులు పట్టుకుని, తప్పంతా నాదే అమ్మమ్మగారూ, ఆ రోజు ఫోన్‌లో మీరే ఇచ్చారని చెప్పింది నేనే అన్నాను. ఆవిడకి తెలుసు. ఇచ్చింది నిజమే కదమ్మా అంది. ఆ మాటకంటే తిట్టినా బాగుండేది.

తర్వాత కొంచెం నా వైపు వంగి, ఇంట్లోవాళ్లకి వినపడకుండా అడిగింది. "ఆ ఫోటో ఉందా నీ దగ్గర? అందరూ చూశారంట. నేనే చూళ్లేదు."

ఆ పిల్ల చూసింది గ్రూప్ మెయిల్‌లో, వాళ్లమ్మ చూపించి నిలదీస్తుంటే. ఈవిడకి అదీ లేదు. చూపిస్తానన్నది నేను.

"లేదమ్మమ్మగారూ. తుడిచేశాను."

"ఎందుకమ్మా? బాగా రాలేదా?"

"బాగా వచ్చింది," అన్నాను. "నేను తీసినవాటన్నిట్లోకీ అదే బాగా వచ్చింది."

ఆవిడ తన కుడిచేతిని ఒళ్లో తిప్పి చూసుకుంది. "హుక్కు పెడతంటే తీశావుగా. నా చెయ్యి పడిందా అందులో?"

పడిందని చెప్పాను. కత్తిరించానని కూడా చెప్పాను. ఆవిడ తలూపింది. లోపలినుంచి ఎవరో నన్ను పిలిచారు, ఎవరిదో హారం దగ్గరగా తీయాలట. ఆవిడ నా చెయ్యి వదల్లేదు. సరే, ఎట్టా ఉందో చెప్పు, దాని మెళ్లో ఎట్టా ఉన్నాయో చెప్పు అంది. కెమెరా కింద పెట్టి, కిటికీ వెలుతురు దగ్గర్నుంచి చెప్పడం మొదలుపెట్టాను.